రత్నతీరంలో తొలి బిడ్డ

శ్రీవాణి ఒక కాలు కారులో పెట్టింది. రెండో కాలు పెట్టేలోపే ఆమె బట్టల సంచిని తల్లి సరస్వతి లాక్కుని, తీసుకుపోయి గడప లోపల పెట్టేసింది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల కావాలె. నేను బతికుండంగ నీకు సముద్రం ఒడ్డున కాన్పేంది? నలుగురు నన్నేమనుకుంటరు?"

"అమ్మా, జర సమజ్ చేస్కోవే! రేపు రత్నతీరంల దవాఖాన తెరుస్తున్నరు. ఆ ఊర్ల పుట్టే మొదటి బిడ్డ పేరు పెద్ద పార్కుకు పెడ్తరట. మనూరి రెండు బెంచీల పార్కు కాదే అది!"

"కడుపుల బిడ్డ కడుపులనే ఉన్నది, అప్పుడే బోర్డుకు పేరా? ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది."

"ఆలున్నది, సూలున్నది! పేరే తక్కువ!" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని పకపకా నవ్వింది శ్రీవాణి. ఇంకో వారం ఉందని, మెల్లగా పోతే ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పిన దగ్గరి నుంచి ఆమె కాళ్లు నేల మీద నిలవడం లేదు.

భర్త జగదీష్ ఉద్యోగం చేసేది ఆ రత్నతీరంలోనే. సముద్రం పక్కన గీత గీసి కట్టిన కొత్త నగరం. వీధులు పాపిట తీసినంత నేరుగా ఉంటాయి. కరెంటు తీగ ఒక్కటి కనపడదు, అన్నీ నేల కిందే. సైకిళ్లకు వేరే దారి, పొద్దుగూకితే చల్లటి గాలి. అక్కడ కుక్క కూడా మెడకు పట్టీ లేకుండా గేటు దాటదు. అన్నీ ఉన్నాయి కానీ ఇన్నాళ్లూ దవాఖాన ఒక్కటే లేదు. నొప్పులొస్తే పక్క పట్నానికి పరుగెత్తాల్సిందే. అందుకే అంత గొప్ప ఊళ్లో పుట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ లోటు తన బిడ్డే తీర్చాలని శ్రీవాణి పంతం.

మహబూబాబాద్‌లో తండ్రి రామచందర్‌ది మిర్చి వ్యాపారం. వాకిలంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఒక పక్కన తండా నుంచి వచ్చిన సోమ్లీ తొడిమలు తీస్తోంది. బడికి సెలవని వెంట తెచ్చుకున్న కూతురు సుమన పక్కనే కూర్చుని తుమ్ముతోంది.

"నువ్వు చెప్పు సోమ్లీ! తొలిసూరుకు అమ్మింటికి రాకుండ ఎవలన్న ఉంటరా?" అని సరస్వతి ఆమెను సాక్ష్యానికి పిలిచింది.

"నాకేడిది ఆ రాత, అమ్మా? కూలికి పోయిన కాడ్నే అయిపాయె" అంది సోమ్లీ తల ఎత్తకుండా.

సాక్ష్యం ఎదురు తిరిగేసరికి సరస్వతి భర్త వైపు చూసింది. రామచందర్ కాటా సరిచేస్తున్నట్టు నటించాడు. అటు భార్య, ఇటు బిడ్డ. ఎవరి పక్క మాట్లాడినా రాత్రికి అన్నం దొరకదని ఆయనకు తెలుసు.

అంతలో ఫోన్ మోగింది. తెరమీద జగదీష్, పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు.

"ఇంక బయల్దేరలేదా? మన ఎనక వీధోళ్ల కోడలికి గూడ నెలలు నిండినయట! వాళ్లు సంచి సదురుకొని కూసున్నరు!"

శ్రీవాణి తల్లి వైపు తిరిగింది. "చూసినవా అమ్మా! ఇంక లేటయితే వాళ్ల బిడ్డ పేరే పెడ్తరు. నేను రోజూ ఆ బోర్డు ముందట్నే నడవాలె!" అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

బిడ్డ కన్నీళ్లు చూసేసరికి సరస్వతి సగం మెత్తబడింది. అల్లుడితో ఎదురుగా మాట్లాడే అలవాటు లేదు కనుక కూతురితోనే అంది. "ఆ పార్కేందో ఒకసారి చూపియ్యమను మీ ఆయనను."

జగదీష్ ఫోన్ తిప్పాడు. పచ్చటి గడ్డి, నీళ్లు చిమ్మే ఫౌంటెన్, వెనకాల నీలంగా సముద్రం. నడుమ ఒక పాత చింతచెట్టు, గాలికి ఒక పక్కకు వంగి ఉంది. సరస్వతి నోరు తెరిచి చూసింది. రామచందర్ కాటా వదిలేసి వచ్చాడు. సోమ్లీ కూడా చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, వాళ్ల భుజాల మీదుగా తొంగి చూసింది.

"ఇక్కడ మొదలు అంత ఇసుకనేనట. ఈ చెట్టొక్కటే ఉండెనట. కొట్టెయ్యకుండ దీని సుట్టూతనే పార్కు కట్టిండ్రు" అన్నాడు జగదీష్. "అత్తమ్మా, ఇప్పటిదాక ఈ గడ్డ మీద ఒక్క పసిబిడ్డ కేర్‌మనలేదు. మనదే మొదటిది! బోర్డు గూడ తయారున్నది, పేరొక్కటే రాయాలె!"

సరస్వతి లోపలికి వెళ్లి, గడప లోపల పెట్టిన సంచిని తనే మోసుకొచ్చి కారులో పెట్టింది. "నడువు, నేను గూడ వస్త. తల్లి ఏడుంటె అదే తల్లిగారిల్లు" అంది. శ్రీవాణి సంతోషం పట్టలేక తల్లిని గట్టిగా వాటేసుకుంది. రామచందర్ డ్రైవరును కేకేశాడు.

ఫోన్ ముందు నుంచి సోమ్లీ మాత్రం కదలలేదు. ఆమె కళ్లు ఆ వంగిన చెట్టు మీదే ఉన్నాయి. మిరపకాయల దగ్గరున్న కూతురిని రెక్క పట్టుకుని పరుగున తెచ్చి, ఫోన్ ముందు నిలబెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"సారూ, ఆ ఊర్ల మిద్దెలకు ఇటుకలు మోసినప్పుడు ఆ చింతచెట్టు కిందనే నాకు కాన్పయింది, దీని బొడ్డుపేగు ఆడ్నే పాతిపెట్టిన. బిడ్డ పేరు సుమన, బోర్డు మీద జర పెద్దగ రాయించుర్రి!"