ఒక గింజ తక్కువ

నాలుగువందల పన్నెండు ఉండాల్సిన వరిగింజలు నాలుగువందల పదకొండే ఉన్నాయి. లెక్కపెట్టే యంత్రం మూడోసారి కూడా అదే అంకె చూపించింది. తనిఖీ అధికారి అద్దాల గది తలుపులు రెండూ మూయించి తాళంచెవులు తన జేబులో వేసుకున్నాడు. లెక్క తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడు.

అతనితో పాటు లోపల ఇరుక్కున్నది ముగ్గురు. ఆ వరిని తయారుచేసిన శాస్త్రవేత్త మేడమ్, యంత్రం నడిపే టెక్నీషియన్, మొక్కలకు నీళ్లు పెట్టే కొరుకుడు తాత. ధాన్యం ఆరిందో లేదో గింజను పంటికింద వేసి చూడటం తాతకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ పేరు అలా అంటుకుంది. ఈ గదిలో ఆ వేషాలు కుదరవని మేడమ్ ఒకసారి గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఆనాటి నుంచి తాత ఒక్క గింజ కూడా నోట్లో పెట్టలేదు.

అవి మామూలు గింజలు కావు మరి. వరి జన్యువుల్లో రెండుచోట్ల చిన్న సవరణ చేసి ఆ మొక్కను నిలబెట్టడానికి మేడమ్‌కు పదకొండేళ్లు పట్టింది. కాడ పొట్టిదై గట్టిపడింది. ఆకులు వాలకుండా నిటారుగా నిలిచి, అడుగున ఉన్న ఆకులకు కూడా ఎండ వదిలాయి. కంకికి నూటయాభై కాసేచోట రెండువందల నలభై గింజలు కాశాయి. పెద్ద పెద్ద ఫ్యాన్లతో గాలివాన పుట్టించినా ఒక్క మొక్క పడిపోలేదు.

తాత మొదటిసారి చూసి, "ఇదేం వరమ్మా, అచ్చం మా ఆవిడే. పొట్టి, పైగా వంగదు," అన్నాడు. మేడమ్ పగలబడి నవ్వింది.

అంతలో కంపెనీ చేతులు మారింది. ఈ వరి వేసిన రైతు మరుసటి ఏటికి తన విత్తనం తానే దాచుకోగలడు. ఏటేటా విత్తనాలు అమ్ముకుని బతికే కొత్త యజమానులకు అది గిట్టలేదు. మొక్కలన్నీ నిన్ననే కాల్చేశారు. ఈ గింజలు కూడా ఈరోజు బూడిదైతే ఆ వరి పుట్టనట్టే లెక్క. ఒక్కటి బయటపడినా చాలు, మళ్లీ పొలాలకు పొలాలు పండించవచ్చు. అందుకే అధికారి ఒక్క గింజ కోసం అంత పట్టుపట్టాడు.

ఫ్యాన్లు కూడా నిన్ననే కట్టేశారు. ఎండ అద్దాల్లోంచి దిగి నలుగురినీ ఉడకబెట్టసాగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, టెక్నీషియన్ అడక్కముందే జేబులు తిరగేసి చూపించాడు. నేలంతా ఊడ్చారు. ట్రేలు బోర్లించారు. గింజ దొరకలేదు.

అధికారి చూపు తాత మీద ఆగింది. పేరులోనే ఉందిగా అన్నాడు. చొక్కా విప్పించాడు, ప్యాంటు మడతలు దులిపించాడు, చెప్పుల అట్టలు ఊడదీసి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఎవరిచేతా వేలెత్తి చూపించుకోని మనిషి, ఇంకో మూడు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఉత్త బనీనుతో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ వయసులో దొంగ అన్న పేరు మోసుకుంటూ ఇంటికి పోవాలా? కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పరిస్థితి.

"అమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడు మేడమ్ వైపు తిరిగి.

మేడమ్ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. తల అడ్డంగా ఊపింది, అంతే. పొద్దున్నుంచీ ఆమె వరస అదే. పదకొండేళ్ల కష్టం మంటలో పడబోతుంటే గొంతు ఎలా పెగులుతుందిలే అని అందరూ జాలిపడ్డారు. టెక్నీషియన్ అందించిన మంచినీళ్లు కూడా ఆమె ముట్టలేదు. తాతకూ అంతవరకు జాలే వేసింది. ఇప్పుడు మాత్రం కడుపు రగిలిపోయింది. పసిబిడ్డకు పట్టినట్టు పూటపూటా ఆ మొక్కలకు నీళ్లు పట్టినవాడికి ఒక్క మాట సాయం రాదా?

మూడు గంటలు గడిచాయి. అధికారి ఫోన్ చేసి ఆడ గార్డును పిలిపించాడు. ఆమె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చింది.

"ఇక మేడమ్‌గారే మిగిలారు. తల నుంచి కాలిదాకా వెతకండి," అన్నాడు అధికారి.

మేడమ్ వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుపోయింది. అద్దాల అవతల ఆఫీసు ఆఫీసంతా చేరి చూస్తోంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని తాత తల దించుకున్నాడు. కానీ అంత చదువుకున్న ఆడమనిషిని నలుగురి ముందు దొంగను తడిమినట్టు తడుముతుంటే చూస్తూ ఊరుకోవడం అతనివల్ల కాలేదు.

"ఆపండి సార్. నేనే కొరికాను. అలవాటు చొప్పున నోట్లో వేసుకున్నా. నలిగిపోయింది, మింగేశా."

అధికారికి ప్రాణం లేచొచ్చింది. ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఏడవొచ్చుగా అని విసుక్కుని, అక్కడికక్కడే కాగితం రాయించి వేలిముద్ర వేయించుకున్నాడు. తాత ఉద్యోగం ఊడింది. టెక్నీషియన్ ముఖం తిప్పుకున్నాడు. మిగతా గింజలు అందరి ఎదుటే మంటలో పడ్డాయి. తలుపులు తెరిచారు.

తాత గేటు దాటి బస్టాపు బెంచీ మీద కూలబడ్డాడు. బయటపడ్డా ఊపిరాడలేదు. ఇంట్లో ఏమని చెప్పాలో, వీధిలో ఎలా తలెత్తుకోవాలో తెలియలేదు. కాసేపటికి మేడమ్ పరుగులాంటి నడకతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్క మాట అని ఉంటే నీ సొమ్మేం పోయేదమ్మా?" అన్నాడు తాత, ఆమె వైపు చూడకుండానే.

మేడమ్ రోడ్డుకు అటూ ఇటూ చూసి, ఆరోజు మొదటిసారి నోరు తెరిచి, నాలుక కింద నానిపోయి ఉన్న వడ్లగింజను తీసి తాత అరచేతిలో పెట్టింది.