నూటికి తొంభై అయిదు

“గెస్ చెయ్యొద్దు సొన్నప్పా. సున్నా అంటే కాదు, నూరు అంటే ఖాయం. నిన్న మూడు గంటలకి గేటు దాటింది ఇతనే అని నీకు నూటికి ఎంత నమ్మకం?”

గిరీష్‌కి కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజంతా సంభావ్యతల లెక్కలే. నమ్మకాన్ని కూడా కొలవవచ్చని అతని గట్టి నమ్మకం. నిన్న మధ్యాహ్నం అతని ఫ్లాట్‌లో భార్య గొలుసు పోయింది. గేటు కెమెరా పాడై నెలయింది. పోయిన వారం ఆ ఇంట్లో కుళాయి బాగుచేసిన మునిరాజు ఇప్పుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

వాచ్‌మన్ సొన్నప్ప తల గోక్కున్నాడు. “యాభై ఉండొచ్చు సార్.”

“సొన్నప్పన్నా, నా మొగం చూసి చెప్పప్పా,” అన్నాడు మునిరాజు. “నిన్న నేను ఈ పక్కకే రాలేదు. స్టేషన్‌కి పోతే మళ్ళీ నన్ను ఏ ఇంట్లోకీ రానీరు. పిల్లోళ్ళు ఉండారు.”

సొన్నప్పకి జాలేసింది. అతని మొహం మాత్రం చూడలేదు.

“నువ్వాగు,” గిరీష్ విసుక్కున్నాడు. “సొన్నప్పా, ఆ రామాంజిలా గేటు వదిలేసి తిరిగే రకం కాదు నువ్వు. అతన్ని తీసేసి నిన్ను పెట్టుకున్నదే అందుకు. బాగా గుర్తు తెచ్చుకో. చేతిలో సంచి ఉందా?”

“ఉన్నట్టే ఉండాది సార్.”

“పనిముట్ల సంచేనా?”

“అదే సార్.”

బెంగుళూరులో ప్లంబర్ చేతిలో సంచి కాక వీణ ఉంటుందా అని అడిగే నాథుడు అక్కడ లేడు.

“సాక్ష్యం దొరికేకొద్దీ నమ్మకాన్ని సవరించుకోవాలి. సైన్స్ అంటే అదే. ఇప్పుడెంత?”

“ఎనభై సార్.”

“చొక్కా రంగు?”

సొన్నప్ప ఓరగా చూశాడు. మునిరాజు ఒంటి మీద నీలం చొక్కా ఉంది.

“నీలం సార్.”

“ఇప్పుడు?”

“తొంభై అయిదు.”

గిరీష్ పోలీసులకు ఫోన్ చేశాడు. అరగంటలో జీపు వచ్చింది. ఎక్కేటప్పుడు మునిరాజు “అన్నా!” అని ఒక్కసారే పిలిచాడు. ఆ తర్వాత ఏడుపే.

జీపు వెళ్ళాక గిరీష్ సొన్నప్ప భుజం తట్టాడు. “నూటికి నూరు అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. అయిదు అనుమానానికి వదిలావు చూడు, నిజాయితీ అంటే అది.”

సొన్నప్ప తలవంచుకుని దండం పెట్టాడు.

నిన్న మూడు గంటలప్పుడు అతను గేటు దగ్గర లేడు.