కిటికీ పక్క సీటు

సప్పొరో నుంచి ఉత్తరాన వక్కనై దాకా నేరుగా పోయే ఎక్స్‌ప్రెస్ రోజుకు ఒక్కటే.

పోయిన పెద్దలను తలుచుకునే పండగ రోజులు. రిజర్వేషన్ లేని బోగీలో కాలు పెట్టడానికి చోటు లేదు.

అంత రద్దీలోనూ కిటికీ పక్క సీట్లో, ఊదారంగు గుడ్డలో మూటకట్టిన పెట్టె ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. పండగ కానుకకు ఎవరో కొన్న ఖరీదైన ఖర్బూజా కాబోలు.

అప్పుడే బోగీలోకి ఎక్కిన తోవాకోకు ఒళ్లు మండింది.

"పెద్దాయనా! ఖర్బూజాకు కూడా సీటు కావాలా?"

పక్క సీట్లోని ముసలాయన కంగారుగా లేచాడు.

"దీనికీ టికెట్ తీసుకున్నానమ్మా."

"పండుకు టికెట్టా! విడ్డూరం కాకపోతే!"

చుట్టుపక్కల అందరూ ఆయన వైపే చూశారు. ఆ చూపులు చాలు. ఆయన పెట్టెను రెండు చేతులా ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

తోవాకో కిటికీ పక్కన కూలబడి, ఎండ పడుతోందని తెర దించేసింది.

నయొరో స్టేషను దాటాక ఆయనే కదిలించాడు.

"ఎందాకా అమ్మా?"

"చివరిదాకా. ఒకడి మొహం చూడాలి."

"ఎవరిది?"

ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర నోరు విప్పే మనిషి కాదు తోవాకో. కానీ రాత్రంతా నిద్ర లేదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఆగేలా లేదు.

"మా అమ్మను ఎత్తుకుపోయినవాడిది. చిన్నప్పుడే వదిలేసి పోయింది. మళ్లీ చూడలేదు. పోయిన నెల చనిపోయిందట. ఇవాళ ఆవిడ పుట్టినూళ్లో, గుళ్లో కార్యం. వాడూ వస్తాడు."

ముసలాయన చేతులు గుడ్డ ముడి మీద ఆగిపోయాయి.

"కనిపిస్తే ఏమంటావమ్మా?"

"కసితీరా తిడతాను. తిట్టాక ఒక్కటే అడుగుతాను. మా అమ్మ నన్ను ఎప్పుడైనా తలుచుకుందా అని."

ఆయన ఒళ్లోని పెట్టె వైపు చూశాడు.

"తలుచుకునే ఉంటుంది తల్లీ. నీ పుట్టినరోజుకు ఎర్ర చిక్కుడుగింజల అన్నం వండి, నీ పేరన ఒక గిన్నె పక్కన పెట్టే ఉంటుంది."

"ఊరుకోండి! నన్ను ఓదార్చడానికి కథలు అల్లకండి. మీకేం తెలుసు?"

"నిజమే," అన్నాడాయన తల దించుకుని. "నాకేం తెలుసు."

మరికాసేపటికి నెమ్మదిగా అడిగాడు.

"ఆ తెర కాస్త ఎత్తుతావా? సముద్రం వస్తుంది."

తోవాకో అటు తిరిగి కళ్లు మూసుకుంది.

వక్కనైలో ఆమె వెనక్కి చూడకుండా దిగింది. స్టేషన్లో మొహం కడుక్కుని, అనాల్సిన మాటలన్నీ అద్దం ముందు ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది. బయటికి వచ్చేసరికి రైలు తిరుగుప్రయాణం కట్టేసింది.

గేటు దగ్గర అమ్మ తోడబుట్టిన మావయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఊదారంగు మూట.

తోవాకో ఆ మూట వైపు వేలు చూపింది.

"ఇది... ఆయనది కదా?"

"మీ అమ్మ అస్థికలు తల్లీ. ఆయనే తెచ్చి ఇచ్చాడు. 'నేనుంటే ఆ పిల్ల తల్లిని నిమ్మళంగా సాగనంపలేదు' అని అదే రైల్లో వెళ్లిపోయాడు. బతిమాలినా ఆగలేదు. మంచాన పడ్డ మీ అమ్మను ఏళ్ల తరబడి పసిపిల్లలా సాకాడు, చివరికి కార్యానికి కూడా ఉండలేకపోయాడు."

తోవాకో ఆ మూటను గుండెకు హత్తుకుంది. ఏడుపు ఆగలేదు.

"మావయ్యా... అమ్మ నన్ను తలుచుకునేదా?"

"నాకేం తెలుసమ్మా! అది చెప్పగలిగినవాడు లోకంలో ఆయనొక్కడే."