ఆరువేల గుండెలు చూసినవాడు

బొమ్మలు చూపించే కళ్ళద్దాల్లో ఆరువేల గుండెపోట్లు చూసి శ్రీహాస్ పట్టా పుచ్చుకున్నాడు. ఇప్పుడందరి చదువూ అదే. రోగిని ముట్టుకుని నేర్చుకోవడం మోటుతనమట! ఇరవయ్యేళ్లుగా అంబులెన్సులో చేస్తున్న నా పక్కన ఆ మహానుభావుణ్ణి కూర్చోబెట్టారు.

తణుకు దగ్గర ఒక ఆటోడ్రైవరు గుండె ఆగింది. ఛాతీ నొక్కీ నొక్కీ నా చేతులు పడిపోయాయి.

"ఇక నువ్వు నొక్కు నాయనా!"

శ్రీహాస్ రోగి మీద గాలిలో రెండు వేళ్లు విడదీశాడు, బొమ్మ పెద్దదవుతుందని.

"ఇదేం పూజండి బాబూ?" అంది ఆటోడ్రైవరు భార్య.

శ్రీహాస్ చేతులు లాగి రోగి ఛాతీకి ఆనించాను. ఉలిక్కిపడి వెనక్కి తీసుకుని నావైపు తిరిగాడు.

"మేడమ్, వెచ్చగా ఉన్నాడు!"

డ్రైవరు భార్య అతన్ని పక్కకు తోసి, నేను చేతులు పెట్టించినచోట తానే నొక్కింది. కాసేపటికి డ్రైవరు మూలిగాడు.

శ్రీహాస్ అరచేతులు తుడుచుకుంటూ గొణిగాడు: "ఇది మా సిలబస్‌లో లేదు."

"మనిషి వెచ్చగా కాక ఇంకెలా ఉంటాడయ్యా?" అందామె.