పంటి పరీక్ష

నాణెం పెద్దాయన గొంతు దిగిపోయింది.

ఎప్పుడో మునిగిన ఓడలోంచి పైకి తీసిన బంగారు నాణేల్లో అలాంటిది అదొక్కటే. తెల్లవారితే ప్రదర్శన. అద్దాల పెట్టె నడుమ దాని కోసం చేసిన మఖమలు గుంట నోరు తెరుచుకుని ఉంది.

“ఇన్ని మిషన్లు ఉండగా నోట్లో ఎందుకు పెట్టుకున్నారండీ?” మ్యూజియం అధికారిణికి ఏడుపొక్కటే తక్కువ. నాణెం లేకపోతే ఆవిడ ఉద్యోగమూ లేదు.

“మిషన్లకేం తెలుసమ్మా! మా తాతా, మా నాన్నా పంటితోనే బంగారం తేల్చేవారు. సరిగ్గా అప్పుడే తుమ్మొస్తుందని కలగన్నానా?” పెద్దాయన కండువాతో కళ్లొత్తుకున్నాడు. “ఎన్ని మ్యూజియాలు పిలిచి నాణేలు చూపించుకున్నాయి! ఎక్కడా మాట పడలేదు తల్లీ.”

కబురందుకున్న ఆయన భార్య అరటిపళ్లు పట్టుకుని పరుగున వచ్చింది.

“కంగారు పడకమ్మాయ్. ఈయనకు మొదట్నుంచీ నమలడం చేతకాదు. ఇంటికి తీసుకెళ్తాను. రాగానే కడిగి తెచ్చిస్తా.”

గేటు దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆయన వెళ్లొచ్చండీ. నాణెం వెళ్లకూడదు.”

“రెండూ ఒకటేగా నాయనా!”

“మాకు వేరువేరండీ. మ్యూజియం వస్తువు గేటు దాటాలంటే మేడం సంతకం కావాలి.”

మేడం సంతకం పెట్టలేదు. పైపెచ్చు నాణేనికి రాసి ఉంచిన చీటీని పెద్దాయన చొక్కా గుండీకి కట్టించింది. దాని మీద ‘తాకరాదు’ అని ఉంది. ఆయన్ని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి పండు మీద పండు తినిపించారు. మరుగుదొడ్డికి లేచినప్పుడల్లా కాపలాదారు ముందు నడిచి అడ్డొచ్చినవాళ్లను తప్పించాడు.

సాయంత్రమైంది. పళ్లు అయిపోయాయి. నాణెం జాడ లేదు.

“ఇక ఆసుపత్రే” అంది అధికారిణి.

“కత్తి పెడతారమ్మా! నా వల్ల కాదు!”

“కత్తీ లేదు, గిత్తీ లేదు. ఉత్త ఎక్స్‌రే. ఎక్కడుందో తెలిస్తే నాకు ఊపిరాడుతుంది బాబాయ్‌గారూ.”

“ఎక్స్‌రే అసలే వద్దు. ఈయన గుండె ఆగుతుంది” అని భార్య అడ్డుపడింది.

అధికారిణి సంతకం పెట్టింది. కాపలాదారు పెద్దాయన్ని గాజు కూజాలా ఎత్తి బండిలో పెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును దీపానికెదురుగా పట్టుకుని, కాసేపు తల గోక్కుని అడిగాడు: “వీటిలో మీ నాణెం ఏదండీ?”