పైకి కనపడని తెగులు

"బతుకుతుందంటావా?" అంది వదిన, ఆపరేషన్ గది బయట నిలబడ్డ మనిషిలా.

ఆడపడుచు చిట్టి కుండీని వెలుగులోకి తిప్పింది. అందులోని ఎడారి మొక్కకి పెద్ద గులాబీ విచ్చుకున్నట్టు వరసలు వరసలుగా బొద్దు ఆకులు. వచ్చే నెలలో మొక్కల పోటీ. ఏటా రెండో బహుమతితో సరిపెట్టుకుంటున్న వదినకు ఈసారి అది పరువు సమస్య.

"ఆకుల మీద ఈ తెల్లటిదేంటి? బూడిద తెగులేనా?"

"కాదొదినా. అది దాని ఒంటి పౌడరు. ఎండకి కాచుకోడానికి పూసుకుంటుంది. తుడిచావంటే మచ్చ పడుతుంది."

"మరి అడుగున ఎండినవి?"

"ముసలాకులు. వాటి కాలం తీరింది. ఈ గోధుమరంగు మచ్చ ఎండదెబ్బ. మధ్యాహ్నం నీడకి జరుపు, చాలు."

వదిన ఊపిరి పీల్చుకోబోయింది. ఇంతలో చిట్టి వేలు నున్నగా, నిండుగా ఉన్న రెండు ఆకుల దగ్గర ఆగింది.

"ఇవి మాత్రం పోయినసారి తీసేసిన వాటిలాంటివే. లోపల కుళ్లు మొదలైంది. పైకి కనపడదు."

"తీసెయ్ తల్లీ."

ఆ మొక్కను వదిన ఇంకెవర్నీ తాకనివ్వదు. పక్కింటావిడ నాటుకుంటానని చిన్న ముక్క అడిగితే, "పంచడానికి ఇవేమన్నా పప్పుబెల్లాలా?" అని పంపేసింది.

చిట్టి ఒక్కో ఆకునూ అటూ ఇటూ మెల్లగా ఊపి, మొదలంటా ఊడదీసి, పొడి కాగితంలో చుట్టింది.

"చెత్తబుట్టలో పడెయ్యక, రోగిష్టిదాన్ని చంటిపిల్లలా పట్టుకున్నావేంటే?" అన్నాడు అన్నయ్య పేపరు పక్కకు తీసి.

"నలిగి రసం కారితే మిగతా మొక్కలకి అంటుకుంటుంది అన్నయ్యా. ఇంటికి తీసుకుపోయి వీటి సంగతి నేను చూస్తాగా."

"మీకేం తెలుసని, ఊరుకోండి," అని మొగుణ్ణి కసిరింది వదిన.

పోటీలో మొదటి బహుమతి వదినదే. కప్పు చంకలో పెట్టుకుని, "మా ఆడపడుచు చెయ్యి పడితే చచ్చిన మొక్కయినా లేచి కూర్చుంటుంది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. తర్వాత చిట్టిని దగ్గరకు లాక్కుంది.

"ఏం కావాలో అడుగు. ఆ మొక్క ఒక్కటి తప్ప."

"ఏమీ వద్దొదినా. అన్నీ ఉన్నాయి."

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా చిట్టి వెనక బాల్కనీలోకి నడిచి, ఇసుక పరిచిన వెడల్పాటి పళ్లెం మీదికి వంగింది.

వదినింటి రోగిష్టి ఆకులన్నీ వేళ్లూని, పిల్లాపాపలతో కళకళలాడుతున్నాయి.