గార్డు దాటిన ముద్ద

బాక్సింగ్ పోటీ రేపనగా, ఆనవాయితీ ప్రకారం మనవరాలికి పెరుగన్నం ముద్ద తినిపించబోయింది సుప్రజ. కానీ యుక్త ముఖం దగ్గరికి ఏది వచ్చినా, ఆమె చేతులకున్న గార్డు తొడుగులు వాటంతటవే లేచి అడ్డుపడుతున్నాయి. బరిలోనూ ఇంట్లోనూ ఫైటర్లందరికీ ఇప్పుడవే. మూడు ముద్దలు నేలపాలయ్యాయి.

సుప్రజకు ఒళ్లు మండింది. ఎడమచేత్తో యుక్త పొట్టలో పొడవబోయింది. తొడుగులు గబుక్కున కిందికి దిగాయి. కుడిచేతి ముద్ద నోట్లో పడింది. యుక్తకు నవ్వొచ్చింది.

"నేను గాబట్టి ముద్ద పెట్టిన బిడ్డా. రేపు బరిల నీ ఎదుటి పిల్లయితె గుద్దుతది."

యుక్త నవ్వు ఆగిపోయింది. తొడుగులు విప్పేసి, పిడికిళ్లు చెంపలకు ఆనించుకుంది.

"మళ్ల రా, నానమ్మా."

సుప్రజ ఇంకో ముద్ద పట్టుకుని, మళ్లీ పొట్ట మీదికి ఎడమచెయ్యి విసిరింది. పిడికిళ్లు కదల్లేదు. నోరు మాత్రం తెరుచుకుంది.